నీ పెళ్ళి పందిరి గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. రాజస్థాన్ కోటలా కట్టిన స్టేజీ, లేత గులాబీ పూల గోడ, సముద్రం ఒడ్డున తెల్ల పరదాలు. మీ నాన్నకి కూడా ఒక్కొక్కటీ చూపించాను. "ఏ థీమ్ పెడదాం అమ్మా, రెండు రోజుల్లో చెప్పమంటున్నారు, టెన్షన్‌గా ఉంది" అని నువ్వంటే ఫోన్‌లో నాకు మాట రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు తోచింది ఒకటే. మన కొబ్బరి తోటే నీ పెళ్ళి థీమ్ కావాలి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నువ్వప్పుడు ఇంటర్, హాస్టల్లో ఉన్నావు. మన ఊరికి ఫోన్ కలవక ఎంత ఏడ్చావో తర్వాత చెప్పావు. నువ్వొచ్చేసరికి మీ తాతయ్య వేసిన చెట్లన్నీ వేళ్ళతో సహా పడున్నాయి. మన ఉద్దానం పల్లెల్లో ఏ ఇంటికెళ్ళినా అదే. కొబ్బరి, జీడి, పనస ఏదీ మిగల్లేదు. మీ నాన్న చాలా రోజులు తోటవైపే వెళ్ళలేదు. సంక్రాంతి దాటాక ఒక పొద్దున ఎవరితోనూ చెప్పకుండా అరవై మొక్కలు తెచ్చారు. ఆ వేసవి సెలవుల్లో నువ్వూ నేనూ బిందెలతో నీళ్ళు మోశాం, గుర్తుందా? ఆ మొక్కలే ఇప్పుడు కాపుకొచ్చాయి.

నీ పందిరికి ఆ చెట్ల ఆకే కావాలి. పెళ్ళికి ముందురోజు మట్టలు దించి తడికలు అల్లితే పెళ్ళినాటికి పచ్చదనం పోదు. ఇంకా ముందే అల్లితే ఎండకి రంగు మారిపోతుంది, అది మాత్రం డెకరేషన్ వాళ్ళకి గట్టిగా చెప్పు. గుమ్మానికి అరటిబోదెలు, మావిడాకులు, బంతిపూలు. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కూడా వద్దు. ఆకుపచ్చ, తెలుపు, ఇత్తడి రంగు, ఈ మూడూ చాలు.

తెలుపు అంటే మధుపర్కాలు. అవి పొందూరు ఖద్దరులో తీసుకుందాం. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో సన్నని నూలు వడుకుతారు. చిన్నప్పుడు మా అమ్మతో వెళ్ళి చూశాను. ఒక ముసలామె రాట్నం ముందు కూర్చుని తీసిన దారం నా కంటికి ఆనలేదు, వేలితో తాకితేనే తెలిసింది. అలాంటి బట్ట ఒంటిమీద ఉండగా నీ మెడలో తాళి పడాలని నాకెంతో కోరిక. ఇత్తడికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. నా సారెలో వచ్చిన బుడితి బిందెలు అటకమీద ఉన్నాయి, చింతపండుతో తోమిస్తాను.

అబ్బాయిది విజయనగరం కదా, వాళ్ళ వైపుదీ ఏదో ఒకటి ఉండాలి. మీ అత్తగారు వీణ నేర్చుకున్నానని మొన్న అన్నారు. వాళ్ళ వైపు బొబ్బిలి వీణని పనస మానుతోనే చేస్తారు. మనదీ పనస చెట్ల ఊరే. ఎదురుకోలు వేళ ఎవరైనా కూర్చుని వీణ వాయిస్తే ఎంత బాగుంటుందో. ఫొటోల కోసం ఒక మూల పెట్టడం కాదు, నిజంగా వాయించాలి. నువ్వే అబ్బాయితో మాట్లాడు. వాళ్ళకి ఇష్టమైతేనే.

ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. చుట్టాలందరూ ఒకే రంగు బట్టలు కట్టుకోవాలని చెప్పొద్దు. మీ చిన్నత్తకి ఉన్నది ఒక్క పట్టుచీర, అది వంగపండు రంగు. ఆ చీరలోనే ఆవిడ నిన్ను ఎత్తుకుని నీ బారసాలలో తిరిగింది. రంగు కుదరలేదని ఆవిడ వెనక వరసలో కూర్చుంటే నా మనసు ఊరుకోదు. హైదరాబాద్ రిసెప్షన్‌కి నీ స్నేహితులతో నీకు నచ్చిన రంగులు పెట్టుకో, నేను అడ్డు చెప్పను.

వంటల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఫాల్గుణం కాబట్టి లేత పనసకాయ దొరుకుతుంది, పనసపొట్టు కూర, జీడిపప్పు కూర ఉంటాయి.

నీళ్ళు పోస్తూ నువ్వు పేరు పెట్టుకున్న బావి పక్క చెట్టు ఉంది చూడు, దాని మొదటి గెలలోంచి ఒక కాయ మీ నాన్న విడిగా దాచారు. మేనమామ గంపలో నిన్ను తెచ్చేటప్పుడు నీ చేతిలో ఆ బొండమే ఉండాలంట. దానికి రంగులూ పూసలూ అంటించొద్దన్నారు.

నీకు వేరే ఏదైనా బాగా నచ్చి ఉంటే మొహమాటపడకుండా చెప్పు, నేను నొచ్చుకోను. ఈ పందిరే సరే అనుకుంటే మాత్రం ఆదివారంలోపు ఫోన్ చెయ్యి. చెట్టుకి రెండు మట్టలకి మించి కొయ్యనివ్వనని మీ నాన్న అప్పుడే లెక్క చెప్పారు. అంటే మనకి నూట ఇరవై మట్టలు. పందిరి ఎంత వెడల్పు రావాలో డెకరేషన్ వాళ్ళని అడిగి చెప్పు.

మీ అమ్మ