తలుపుకు అడ్డం పెట్టిన రాయి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల ఒక సర్టిఫికెట్ పని మీద అనంతపురంలో నేను చదువుకున్న డిగ్రీ కాలేజీకి వెళ్లాను. మా బోటనీ ల్యాబ్‌ను కంప్యూటర్ గదిగా మారుస్తున్నారు. బీరువాలన్నీ వరండాలో ఉన్నాయి. హెర్బేరియం షీట్లను, అంటే ఎండబెట్టిన మొక్కలను అతికించి దాచిన కాగితాలను, కట్టలు కట్టి పాత పేపర్ల పక్కన పడేశారు. తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక రాయి అడ్డం పెట్టారు. అరచేయంత రాయి, దాని మీద ముదురు ఎరుపులో పలుచని పూత. చూడగానే గుర్తుపట్టాను.

1986లో బోటనీ టూర్ కోసం విశాఖపట్నం వెళ్లినప్పుడు మా సార్ సముద్రపు బండల మీద నుంచి తీసిన ఎర్ర నాచు అది. మామూలు నాచులా నీళ్లలో ఊగదు. బండకు రంగు పూసినట్టు అతుక్కుని పెరుగుతుంది. గోటితో గీకితే ఊడిరాదు. కాబట్టి మిగతా మొక్కల్లా కాగితం మీద పరిచి అతికించడం కుదరదు. సుత్తి, ఉలి పట్టుకుని రాతిముక్కతో సహా పగలగొట్టి, ఆరబెట్టి, కవరులో పెట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారో చీటీ రాసి దాచాలి. ఆ రోజు నీళ్లు పాటుకు తగ్గేదాకా రెండు గంటలు ఒడ్డునే కూర్చున్నాం. మాలో చాలామంది సముద్రం చూడడం అదే మొదలు.

'రాయే కదా అనుకున్నాం మేడమ్' అన్నాడు అటెండర్. అతని తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరం గంటసేపు వెతికితే కవరు దొరికింది. ఒక మూల పురుగు తినేసినా చీటీ చదవడానికి వస్తోంది. అది దొరక్కపోయి ఉంటే ఆ రాయి ఎవరికీ పనికొచ్చేది కాదు. చీటీ మీద ఆ నాచు శాస్త్రీయ నామం హిల్డెన్‌బ్రాండియా ప్రోటోటైపస్ అని ఉంది. ఆ పేరును ఇప్పుడు హిల్డెన్‌బ్రాండియా రుబ్రాలో కలిపేశారు. ఈ రకం నాచులు పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో తేలాలంటే సన్నగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి, లేదా డీఎన్ఏ చూడాలి. పేరు మారిన ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలంటే అసలు నమూనా చేతిలో ఉండాలి కదా!

బండకు అతుక్కునే నాచు ఎంత చెప్పగలదో ఒక ఉదాహరణ ఇస్తాను. ఎర్ర నాచుల్లోనే సున్నంతో గట్టిపడే రకాలూ ఉన్నాయి. కెనడా చలి సముద్రాల్లోని అలాంటి నాచు పొరలను చెట్టు వలయాల్లా లెక్కపెట్టి, 646 ఏళ్ల సముద్రపు మంచు చరిత్రను శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించారు.

సముద్రం లేని సీమకు ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్లను చూపిస్తాను. వాటిలో స్ట్రొమాటోలైట్లు ఉన్నాయి. 150 కోట్ల ఏళ్లకు ముందే, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టినవి. ఎర్ర నాచు వేరు, అవి వేరు. అయినా రెండు రాళ్లనూ పక్కపక్కన పెడితే, ప్రాణం రాతిని ఎలా పట్టుకుంటుందో మా హైస్కూలు పిల్లలకు ఒక్క పీరియడ్‌లో చెప్పగలను.

డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు ఎంచుకునే సింగిల్ మేజర్ విధానం వచ్చాక మా కాలేజీలో బోటనీకి చేరేవాళ్లు తగ్గారు. గదులు వేరే పనులకు వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఖాళీ చేసేముందు ప్రతి నమూనాకు, దాని చీటీకి కలిపి ఫోటో తీయించి, జాబితా రాయించి, సంతకం తీసుకునేలా కళాశాల విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. కాలేజీ దాచలేనివాటిని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోని హెర్బేరియానికి అప్పగించవచ్చు. దేశంలోని మొక్కలను సర్వే చేసే కేంద్ర సంస్థ బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా తన షీట్ల ఫోటోలను ఇప్పటికే ఆన్‌లైన్‌లో పెడుతోంది. ఒక సెల్‌ఫోను, ఇద్దరు విద్యార్థులు ఉంటే మన దగ్గర కూడా పని మొదలవుతుంది.

ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఆ రాయిని, చీటీని ఇంటికి తెచ్చాను. స్టీలు డబ్బాలో కలరా ఉండలు వేసి పెట్టాను. షీట్ల కట్టలు మాత్రం ఈ లేఖ రాసేనాటికి ఇంకా వరండాలోనే ఉన్నాయి. వానలు మొదలుకాకముందే ఎవరైనా అధికారి వచ్చి చూడాలని కోరుతున్నాను.

– ఒక సైన్స్ టీచర్, అనంతపురం