పాలల్లో వెన్న చూస్తున్నారు, చూడి కూడా చూడండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది హనుమకొండ జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో నాలుగు బర్రెలున్నాయి, వాటిని చూసేది మా అమ్మ, లెక్కలు రాసేది నేను. ఈ లేఖ బర్రె చూడి కట్టడం, అంటే కడుపుతో ఉండటం గురించి. చూడి కట్టకపోతే ఈనదు, ఈనకపోతే పాలు లేవు, మా ఇంట్లో అన్ని లెక్కలూ అక్కడే మొదలవుతాయి.

పోయిన ఎండాకాలం జరిగింది ముందు చెప్తా. 85 వేలు పెట్టి కొన్న ముర్రా జాతి బర్రెకు మూడుసార్లు ఎదసూది (ఎదకొచ్చినప్పుడు వీర్యం ఎక్కించే సూది) వేయించాం, మూడుసార్లూ తిరగపొర్లింది, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చింది. నాలుగోసారి వేయించాక రెండు నెలలు ఏ గుర్తూ లేదు. చూడి కట్టిందేమోనని అమ్మ అంటూనే ఉంది. సూది వేయడానికి ఊళ్లు తిరిగే ఆయన మాత్రం ఇది ఎదకు రావడం లేదు, ఇంజక్షన్ చేస్తే వస్తుంది అని, చెయ్యి పెట్టి కూడా చూడకుండా చేసి పోయాడు. మూడు రోజులకు ఈసుకుపోయింది, కడుపు పోయింది. గడ్డిలో అరచేతిలో పట్టేంత పిండం. అమ్మ ఆ రోజంతా కొట్టం దగ్గరే కూర్చుంది, అన్నం ముట్టలేదు. ఆయన మీద ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు సార్, ఆయనకు ఒక బండి, వీర్యం దాచే ఒక నైట్రోజన్ డబ్బా, తిరగాల్సిన ఊళ్లు ఎన్నో. లోపల ఏముందో చూసే సాధనం ఆయన చేతిలో లేదు, అదే నా బాధ.

ఆ తర్వాత కొన్నాళ్లకు బర్రెల పునరుత్పత్తి మీద పరిశోధన చేస్తున్న ఒక పశువైద్య శాస్త్రవేత్త మేడమ్ మా ఊరికి వచ్చారు. అమ్మ ఆమెను అడిగిన మొదటి మాట, "బిడ్డా, మా బర్రె ఎందుకు ఈసుకపోయింది?" అని. ఆమె కొట్టంలోనే కూర్చొని ఓపిగ్గా చెప్పారు. అండం విడుదలైన చోట పసుపు రంగు బుడిపె లాంటిది తయారవుతుందట, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను అదే ఇస్తుంది, కడుపును నిలబెట్టేది ఆ హార్మోనే. మనం ఎదకు తేవడానికి చేసే ప్రోస్టాగ్లాండిన్ ఇంజక్షన్ ఆ బుడిపెను కరిగించేస్తుంది. ఉత్త బర్రెలో అది కరిగితే మళ్లీ ఎదకొస్తుంది, చూడి బర్రెలో కరిగితే కడుపు పోతుంది. మందు ఒక్కటే, బర్రె పరిస్థితే వేరు. అమ్మ మొత్తం విని, "అయితే ముందు చూడాలె గదా" అంది. ఈ లేఖలో నేను అడిగేది కూడా ఆ ఒక్క మాటే.

చూడటం ఎందుకు కష్టమో కూడా మీకు చెప్పాలి, ఎందుకంటే రైతుకు ఎదను గుర్తుపట్టడం రాదు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆవు ఎదకొస్తే పక్క ఆవు మీదికి ఎక్కుతుంది, ఊరంతటికీ కనపడుతుంది. బర్రె అలా పెద్దగా ఎక్కదు. అరవడం, తీగలు వేయడం (మానం నుంచి జిగురు కారడం), మేత తగ్గించడం, అంతే, అది కూడా ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో. ఎండాకాలంలో అయితే ఆ గుర్తులు కూడా చాలాసార్లు కనపడవు, మూగ ఎద అంటారు దీన్ని. పొద్దు తగ్గి చలి మొదలయ్యాకే బర్రెలు బాగా ఎదకొస్తాయి. ఒక ఎద తప్పిందంటే మళ్లీ 21 రోజులు ఆగాలి. కడుపు మోసేదే దాదాపు 310 రోజులు, అంటే ఈనిన మూడు నెలల్లో చూడి కట్టినా ఈతకూ ఈతకూ మధ్య 400 రోజులు పడుతుంది. రెండు మూడు ఎదలు పోయాయంటే మేపు మొత్తం చేతి నుంచి పెట్టుకోవడమే.

ఇంతకూ మేడమ్ వచ్చింది పాల శాంపిల్ కోసం. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. ఆ ప్రొజెస్టిరాన్ పాలల్లోకి కూడా వస్తుందట. ఎదసూది వేసిన 21 నుంచి 24 రోజుల మధ్య పాలు పరీక్ష చేస్తే, హార్మోన్ తక్కువుంటే బర్రె ఉత్తదే అని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. ఎక్కువుంటే చూడి కావచ్చు, అప్పుడు 30 రోజులు దాటాక స్కానింగ్‌లో చూసి నిర్ధారించుకోవాలి. చేత్తో చూసి తెలుసుకోవాలంటే దాదాపు రెండు నెలలు ఆగాల్సిందే. మా బర్రెకు అప్పుడు ఒక్క సీసా పాలు పరీక్ష చేసి, ఒక్కసారి స్కానింగ్ తీసి ఉంటే ఇవాళ కొట్టంలో దూడ ఉండేది.

సార్, మన దగ్గర పొద్దున లేస్తే ప్రతి ఊళ్లో పాలు ఒకచోటికి చేరతాయి. ముల్కనూరులో ఆడవాళ్లే డెయిరీ నడుపుకుంటున్నారు, కరీంనగర్ డెయిరీ ఉంది, విజయ డెయిరీ ఉంది. వెన్న శాతం చూడటానికి ఎలాగూ శాంపిల్ తీస్తారు. అదే చోట, సూది వేయించి మూడు వారాలైన బర్రె పాలు విడిగా ఒక చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపడానికి అడ్డమేముంది? మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, కోరుట్లలో ఇంకొకటి ఉంది. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లో అంత జాగ్రత్తగా దాస్తున్నాం, తీరా దాన్ని తప్పు గంటలో, తప్పు బర్రెకు వేస్తున్నాం. టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో పుట్టిన తొలి బర్రె దూడ ప్రథమ్ 1990లో మన దేశంలోనే, హర్యానాలోని కర్నాల్‌లో పుట్టింది, క్లోనింగ్‌తో గరిమ 2009లో అక్కడే పుట్టింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చుక్కల దుప్పికి కూడా కృత్రిమ గర్భధారణ చేసి చూపించారు. ఇంత తెలిసిన దేశంలో మా అమ్మ బర్రె చూడిదో కాదో తెలియక కడుపు పోయింది. ఇది నాకు మింగుడు పడటం లేదు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణ రాష్ట్రంలో 42 లక్షలకు పైగా బర్రెలున్నాయి. అన్నింటికీ రేపే చేయమని అడగడం లేదు. హనుమకొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కొన్ని పాల కేంద్రాలు తీసుకొని, ఒక ఎండాకాలం, ఒక చలికాలం పూర్తిగా చేసి చూడండి. ఆ పని కళాశాలల్లో పరిశోధన చేస్తున్న వాళ్లకే ఇవ్వండి, వాళ్లకు డబ్బు, బండి, పొలానికి మోసుకెళ్లే స్కానర్ ఇవ్వండి. ఏ బర్రె ఎప్పుడు ఎదకొచ్చింది, ఏ నెలలో సూది నిలిచింది, ఇవన్నీ రాసిపెడితే మన ఎండలకు, మన బర్రెలకు సరిపోయే లెక్క మన దగ్గరే తయారవుతుంది. ఇంకొకటి, చూడి లేదని తేలనిదే ఎదకు తెచ్చే ఇంజక్షన్ చేయకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మా రెండో బర్రె సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి తీగలు వేసింది. అమ్మ చూసింది, సాయంత్రం ఎదసూది వేయించాం. ఈసారి తారీఖు, టైమ్ రెండూ గోడ మీద సుద్దతో రాసిపెట్టింది. ఇరవై రెండో రోజు పాలు సీసాలో పట్టి పెడతానంటోంది. ఎక్కడ ఇవ్వాలో చెప్పండి సార్.

ఇట్లు
ఒక పాడి రైతు కొడుకు, హనుమకొండ జిల్లా