పిల్లల గదికి అండగా నిలిచినవారికి

కుటుంబాలు కొన్నాళ్లు తలదాచుకునే మా షెల్టర్‌లోని పిల్లల గదికి ఈ 3 నెలలూ సాయం చేసిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ముందుగా, పిల్లలు తమ వస్తువులు పెట్టుకునే సంచులు కుట్టినవారికి. జిప్పుతో, భుజానికి తగిలించుకునేలా, వేడినీళ్లలో ఉతికినా చెడని గుడ్డతో కుట్టారు. నల్లుల బెడద వస్తే అలా ఉతకక తప్పదు మరి. పేరు రాసే గుడ్డముక్కను లోపలివైపు పెట్టారు. అదే బయట ఉంటే దారిన పోయే ఎవరైనా బిడ్డను పేరుపెట్టి పిలవగలరు. ఇక్కడి కుటుంబాలు ఏ రోజు మరో చోటికి మారాల్సి వస్తుందో ముందుగా తెలియదు. పెద్ద బొమ్మలు ఇక్కడే ఉండిపోతాయి, సంచి మాత్రం బిడ్డ వెంటే వెళ్తుంది. చాలామంది దాన్ని తలకింద పెట్టుకుని, జిప్పు మూసి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుని మరీ పడుకుంటున్నారు.

వారానికి 2 రోజులు, చెప్పిన వేళకు తప్పకుండా వచ్చిన వాలంటీర్లకు ఎంత చెప్పినా తక్కువే. 8 మంది పిల్లలకు ఇద్దరు పెద్దలు, తలుపు ఎప్పుడూ తెరిచే. బొమ్మలు గీయడమైనా, కథైనా 45 నిమిషాల్లో పూర్తయ్యేలా చూసుకున్నారు. మిగతాది వచ్చేవారం అంటే, అప్పటికి ఆ బిడ్డ ఇక్కడ ఉండకపోవచ్చు. మొదట్లో ఆట ఆపగానే రంగులు విసిరేయడం, బల్ల కింద దూరడం జరిగేవి. అది మొండితనం కాదు. ఉన్నట్టుండి అన్నీ మారిపోవడం చూసిన పిల్లలకు, చెప్పకుండా ఆపేస్తే భయం. 10 నిమిషాల ముందు ఒకసారి, 5 నిమిషాల ముందు మరోసారి చెప్పడం మొదలెట్టాక గొడవలు బాగా తగ్గాయి. తినడానికి ఇచ్చింది ఎవరైనా జేబులో దాచుకుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నారు, చాలా మంచి పని.

బిడ్డ తనకు జరిగిన హాని గురించి నోరు విప్పినప్పుడు ఎలా మెలగాలో కూడా మీకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పనని మాటివ్వలేదు, గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసి, పిల్లల రక్షణ చూసేవారికి అదే రోజు అందించారు.

ఫొటోలు తీయనందుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇంట్లో హింస తప్పించుకుని వచ్చిన తల్లులున్నారు. ఫొటోలో వెనక కనిపించే కిటికీ ఒక్కటి చాలు, హింసించినవాళ్లు ఈ చోటు పట్టేయడానికి.

మెత్తటి బొమ్మలు ఇక చాలండీ. సాక్సులు, లోదుస్తులు మాత్రం అన్ని సైజుల్లోనూ కావాలి, కొత్తవే. పక్కన పడుకున్నవాళ్లకు ఇబ్బంది లేకుండా రాత్రిపూట హోంవర్క్ చేసుకోవడానికి, మంచానికి తగిలించుకునే చిన్న లైట్లు కూడా.