నాన్న చేతిలో చెంచా నిలవాలి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మాది కావలి. నాన్నకు మోటార్ న్యూరాన్ జబ్బు. కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. తెలివి మాత్రం చెక్కు చెదరలేదు. నయం చేసే మందు లేదని ఇంటికి పంపేశారు.

చెంచా జారిపోతుంటే, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (తినడం, స్నానం లాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకునే దారి చూపే నిపుణులు) ఫోన్‌లో చెప్పినట్టు, దాని కాడకు పాత తువ్వాలు ముక్క చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాం. ఆ పూట నాన్న పప్పన్నం తన చేత్తో తిన్నారు. అమ్మ వంటింట్లోకెళ్లి ఏడ్చింది.

జబ్బు ముదిరేకొద్దీ అవసరాలు మారతాయి సార్. మెడకు కాలర్, బాత్రూంలో పట్టుకోడానికి కమ్మీ, మాట పోతే అక్షరాల పలక. ఏది ఎప్పుడు కావాలో ఇంటికొచ్చి చూసి చెప్పే మనిషి కావాలి. పింఛను కంటే ముందు నేను అడిగేది ఇదే.

ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును నెలకోసారైనా కావలి, ఉదయగిరి వైపు పంపండి. సోమవారం గ్రీవెన్స్‌కు అర్జీతో వస్తాను. నాన్న కూడా వస్తానంటున్నారు.