క్యామ్ కొనే ముందు ఒక్క మాట

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. “ఇంత పొడవు కారు మన గంటస్తంభం దగ్గర మలుపు తిరుగుతుందా?” అని అడిగింది. నా కళ్లు మాత్రం బల్ల మీద విప్పి పెట్టిన ఇంజిన్ మీదే నిలిచిపోయాయి. షెవర్లే 350 ఇంజిన్‌ని చేత్తో ముట్టుకుని ఎన్నాళ్లయిందో! కువైట్ వదిలి వచ్చాక మళ్లీ కంటపడలేదు.

నువ్వు కొంటానని రాసిన క్యామ్‌షాఫ్ట్‌కు, అదే వాల్వులను తెరిచే ఆ ఇరుసుకు, ఇంకా డబ్బు కట్టకపోతే దయచేసి కట్టకు. క్యామ్ మంచిదే. దానికి సరిపడే టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది, మాత్రం నీ కారుకు సరిపడదు. రెండూ ఒకేసారి కూర్చుని ఎంచుకోవలసినవి.

ఎందుకో చెబుతాను. ట్యాపెట్ 0.050 అంగుళం లేచిన చోట నుంచి కొలిస్తే వాల్వు తెరిచి ఉండే వ్యవధి 236 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 108 అని రాశావు. అలాంటి క్యామ్ గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వును బాగా ఆలస్యంగా మూస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, పైకి వచ్చే పిస్టన్ అప్పుడే పీల్చుకున్న గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తుంది. నీ ఇంజిన్ కంప్రెషన్ అసలే తక్కువ, 8.5. ఇక కింది ఆర్‌పీఎంలో బలం ఎక్కడి నుంచి వస్తుంది? సాయంత్రాలు మన సంగీత కళాశాల వైపు నడిచినప్పుడు పిల్లల సాధన వింటుంటాను. కొందరికి మంద్రంలో గొంతు పలకనే పలకదు, పైస్థాయికి వెళితే విచ్చుకుంటుంది. నీ క్యామ్ ఆ జాతిది. అలాంటి గొంతుకు తగిన శ్రుతి పెట్టే పని కన్వర్టర్‌ది.

మా నాన్న లారీలో సాలూరు ఘాట్ ఎక్కిన రోజులు గుర్తున్నాయా? నిండు లోడుతో మలుపులో ఆగాల్సి వస్తే, ఇంజిన్‌కు బలం అందే చోటు దాకా యాక్సిలరేటర్ ఇచ్చి, హాఫ్ క్లచ్ మీద బండిని కదిలించేవాడు. ఆ చోటు ఆయన చెవికి తెలుసు. ఆటోమేటిక్ బండిలో అదే పని ఆయిల్ చేస్తుంది. ఇంజిన్‌తో తిరిగే ఇంపెల్లర్ ఆయిల్‌ను టర్బైన్ రెక్కల మీదకు విసురుతుంది. తిరిగివచ్చే ఆయిల్ దారిని మధ్యలోని స్టేటర్ మళ్లిస్తుంది. అందుకే బండి కదిలే క్షణంలో టార్క్ సుమారు రెట్టింపవుతుంది. చక్రాలు కదలకుండా బిగబట్టి పూర్తి యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ ఎంత దాకా వెళ్లి ఆగుతుందో అదే స్టాల్ స్పీడ్. క్యామ్‌కు ఊపిరి అందే చోటు కన్నా స్టాల్ కాస్త పైన ఉండాలి. కింద ఉంటే సిగ్నల్ దగ్గర కారు ఈడ్చుకుంటూ లేస్తుంది.

కువైట్‌లో నేను పనిచేసిన ఒక గ్యారేజీలో ఈ తప్పు నా చేతుల మీదుగానే జరిగింది. పెద్ద క్యామ్ వేసి, పాత కన్వర్టర్‌నే ఉంచాం. న్యూట్రల్‌లో ఇంజిన్ గర్జించేది. డ్రైవ్‌లో వేయగానే ఆగిపోయేది. ఐడ్లింగ్ పెంచితే, బ్రేకు మీద కాలుండగానే కారు ముందుకు తోసుకుపోయేది. మూడు రోజులు కార్బురేటర్‌ను అనుమానించాం. చివరికి గేర్‌బాక్స్ దించి, చిన్న వ్యాసం ఉన్న, ఎక్కువ స్టాల్ కన్వర్టర్ వేశాకే కుదుటపడింది.

అలాగైతే నాకూ ఎక్కువ స్టాల్‌ది వేస్తే పోలా అంటావు. నీ క్యామ్‌కు మూడు వేల పైచిలుకు స్టాల్ కావాలి. నీ డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి 3.08, టైరు దాదాపు 26 అంగుళాలు. గంటకు 65 మైళ్ల వేగంలో ఇంజిన్ 2,600 దరిదాపుల్లోనే తిరుగుతుంది. నీ టర్బో 350 గేర్‌బాక్స్‌కు లాకప్ లేదు, అంటే జారకుండా కన్వర్టర్‌ను బిగించేసే క్లచ్ లేదు. దాంతో హైవే మీద గంటల తరబడి కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. జారిన ప్రతి చుక్కా వేడే. ఆ వేడికి ఆయిల్ మాడితే లోపలి క్లచ్‌లూ పోతాయి. పైగా ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ (ఇంజిన్ పీల్పు బలం) పడిపోతే బ్రేకు పెడల్ గట్టిపడుతుంది, ఆ వ్యాక్యూమ్‌ను బట్టి గేర్ల మార్పును నడిపే మాడ్యులేటర్ తికమకపడి గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. ఆ కారును చెల్లెమ్మ కూడా నడుపుతుందని నువ్వే రాశావు.

నా మాట విని 218 డిగ్రీల దరిదాపుల్లో, 112 లోబ్ సెపరేషన్ ఉన్న క్యామ్ తీసుకో. దానికి 2,200 నుంచి 2,500 స్టాల్ చాలు. అయితే డబ్బా మీద అచ్చేసిన అంకెను నమ్మకు. అదే కన్వర్టర్ బలమైన ఇంజిన్ వెనక ఎక్కువకు, బలహీనమైన దాని వెనక తక్కువకు స్టాల్ అవుతుంది. తయారుచేసే వాడికి క్యామ్ కార్డు (క్యామ్‌తో వచ్చే కొలతల చీటీ), కారు బరువు, డిఫరెన్షియల్, టైరు అన్నీ చెప్పి చేయించు. ఆయిల్ కూలర్ విడిగా పెట్టించు, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

బిగించేటప్పుడు కన్వర్టర్‌ను తిప్పుతూ లోపలికి నెట్టు. మెట్టు మెట్టుగా దిగి, గేర్‌బాక్స్ పంపులో పూర్తిగా కూర్చోవాలి. ఇంజిన్ వెనక ఉండే ఫ్లెక్స్‌ప్లేట్ పళ్లేనికి, కన్వర్టర్‌కు మధ్య కాస్త సందు కనిపించాకే బోల్టులు వెయ్యి. సందు లేకుండా బలవంతంగా బిగిస్తే మొదటి స్టార్టుకే పంపు పగులుతుంది.

సిరిమానోత్సవానికి వస్తానన్నావు, టికెట్ తీసుకున్నావా? అమ్మ రోజూ అడుగుతోంది. ఈలోగా కారు బరువు తూయించి, ఆ అంకె నాకు రాసి పంపు.

ఇట్లు,
నీ మిత్రుడు