కడప ఎండకు ఆఫ్టర్‌కూలర్లో ఏం పోయాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఎండాకాలం కార్ల జాగ్రత్తలు అని వేసినారు, బాగానే ఉండాది, కాకపోతే కూలెంట్ ఎంత చిక్కగా కలిపితే అంత చల్లదనం అని రాసినారే, అది మామూలు కార్లకే సరిగ్గా కుదరదు, సూపర్‌చార్జర్ కార్ల ఆఫ్టర్‌కూలర్‌కు అయితే పూర్తిగా తిరకాసు. బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న జాగ్వార్లు, రేంజ్ రోవర్లు, ఆడీలు మా కడపలో కూడా కనపడతాండాయి, వాటిల్లో కొన్నిటికి సూపర్‌చార్జర్ ఉంటాది, అందుకే రాస్తాండా.

సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరుగుతా గాలిని ఒత్తి లోపలికి తోసేది. ఒత్తితే గాలి వేడెక్కుతాది, సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుంటే తెలుస్తాది. మే నెలలో బయటే 45 డిగ్రీలు ఉన్నప్పుడు 0.7 బార్ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడి మీద అదనంగా పడే ఒత్తిడి) పడిందంటే ఆ గాలి 120 డిగ్రీలు దాటిపోతాది. ఆ వేడితోనే సిలిండర్లోకి పోతే నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకోని ఇంజన్ టకటక కొట్టుకోవడం) వస్తాది, ఇంజన్ నడిపే కంప్యూటర్ ఈసీయూ అది కనిపెట్టి స్పార్క్ పడే టైమింగ్ వెనక్కి లాగేస్తాది, గువ్వలచెరువు ఘాట్లో ముందు లారీని దాటుదామని తొక్కితే బండి లేవదు. (ఆ లారీ వెనకనే పోయి పైన పాలకోవా కొనుక్కోవడం మేలు, అది వేరే సంగతి.) ఆ గాలిని చల్లార్చేదే ఆఫ్టర్‌కూలర్, నీళ్లతో పనిచేసే రకానికి చాలావరకు సొంతంగా చిన్న రేడియేటర్, సొంత కరెంటు పంపు ఉంటాయి.

అసలు కిటుకు ఇక్కడే ఉండాది. ఇంజన్ కూలెంట్ 90, 100 డిగ్రీల్లో తిరుగుతాది కాబట్టి అది మరిగిపోకుండా నీళ్లలో గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే అసలు ద్రవం) కలపడంలో అర్థం ఉంది. ఆఫ్టర్‌కూలర్ నీళ్లు అంత వేడికి రానే రావు, వచ్చినాయంటే పంపు పోయిందనే లెక్క. ఇంక నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు అంటారు, కరెక్టే, కానీ మన జిల్లాలో నీళ్లు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే గదా. మరి దానికోసం మనం పోగొట్టుకునేది ఎంతో చూడండి, సగం సగం మిశ్రమం మోసే వేడి లీటరు లెక్కన ఉత్త నీళ్లకంటే దాదాపు 15 శాతం తక్కువ, వేడిని అందుకునే గుణం మూడో వంతు దాకా తక్కువ, పైగా 40 డిగ్రీల దగ్గర నీళ్లకంటే సుమారు మూడు రెట్లు చిక్కన, ఆ చిన్న కరెంటు పంపు అంత చిక్కటిదాన్ని తోయలేక ఫ్లో కూడా తగ్గిపోతాది.

అట్లని బోరు నీళ్లు పోసేరు, అది ఇంకా ఘోరం. మనది సున్నపురాయి నేల, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు, ఇంట్లో బకెట్లకు తెల్లగా పేరుకునే ఆ పొరే ఆఫ్టర్‌కూలర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటాది. క్యాన్ వాటర్ కూడా వద్దు, ఆర్‌ఓ చేసినా అందులో ఉప్పు కొంచెం మిగిలే ఉంటాది. ఏసీ కింద కారే నీళ్లు పట్టి పోసేవాళ్లూ ఉన్నారు, రాగి గొట్టాలు, దుమ్ము, బూజు అన్నీ కడుక్కోని వచ్చే నీళ్లవి. పెట్రోల్ బంకులో దొరికే డిస్టిల్డ్ వాటర్ నయం, కానీ అదొక్కటే పోసినా అల్యూమినియం తినేస్తాది, తుప్పు ఆపే మందు తప్పనిసరి.

నన్నడిగితే 70 పాళ్లు డిస్టిల్డ్ వాటర్, 30 పాళ్లు అల్యూమినియంకు సరిపోయే కాన్సంట్రేట్ (నీళ్లు కలపని) కూలెంట్. అంతకంటే పలచన చేస్తే తుప్పు మందు కూడా పలచబడతాది, కూలెంట్ పాలు తగ్గించడానికి చాలా కంపెనీలు మూడో వంతుకు అటుఇటుగానే హద్దు పెడతాయి. షాపుల్లో దొరికేవి ఎక్కువ రెడీమిక్స్, అందులో ముందే నీళ్లు ఉంటాయి, లేబుల్ చదవకుండా మళ్లీ నీళ్లు కలిపితే మందు చాలదు. రంగు చూసి కొనేదేమీ లేదు, పచ్చ, ఎరుపు, నీలం కంపెనీకొక తీరు, రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురు కట్టి గొట్టాలు మూసుకుపోతాయి.

కొన్ని కార్లలో ఇంజన్‌కు, ఆఫ్టర్‌కూలర్‌కు ఒకటే ట్యాంకు ఉంటాది, వాటికి ఈ లెక్క వర్తించదు, మాన్యువల్లో ఏముంటే అదే పొయ్యండి. వారంటీలో ఉన్న బండికీ అంతే. లడాఖ్ పోయేవాళ్లు పోకముందే సగం సగానికి మార్చుకోవాల.

పాత కూలెంట్ మాత్రం రోడ్డు పక్కన పారబోయొద్దు. గ్లైకాల్ తియ్యగా ఉంటాది, కుక్కలు, దూడలు నాకితే కిడ్నీలు పోయి చస్తాయి. మా షెడ్ల వీధిలో అందరూ మురిక్కాలవలోకే వదిలేస్తాండారు, దీన్ని ఎక్కడ ఇయ్యాలో చెప్పేవాళ్లే లేరు, మీ విలేకరిని ఒకసారి పంపించి కార్పొరేషన్ వాళ్లను అడిగించి వేస్తే బాగుంటాది.

ఇట్లు,
ఒక షెడ్డు మెకానిక్, కడప