ఇంజిను మళ్లీ తిరిగింది: సాయం చేసిన వారందరికీ కృతజ్ఞతలు

గత ఆదివారం ఉదయం విశాఖపట్నం మర్రిపాలెంలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో, నాలుగేళ్లుగా నేను మరమ్మతు చేస్తూ వచ్చిన ఒంటి సిలిండరు డీజిలు ఇంజిను, ఉండకూడని చప్పుడు ఒక్కటీ లేకుండా రెండు గంటలపాటు ఏకధాటిగా నడిచింది. ఆ రెండు గంటల వెనుక ఉన్న మనుషులు చాలామంది. వారిలో కొందరికి ఎదురుగా నిలబడి చెప్పాను, కొందరికి ఫోనులో చెప్పాను. అయినా నలుగురి ముందు చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉంది కనుక ఇది రాస్తున్నాను.

నేను కళాశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. యంత్రాల చదువు నాకు లేదు. 2002లో రామకృష్ణా బీచ్‌లో కురుసురా జలాంతర్గామిని మ్యూజియంగా తెరిచినప్పుడు మా అమ్మాయిని తీసుకువెళ్లి, ఒక్కొక్కటి 2,000 అశ్వశక్తి గల మూడు డీజిలు ఇంజిన్ల సరసన ఆ ఇరుకు దారిలో నిలబడిన రోజు నుంచి ఈ ఇష్టం నన్ను వదలలేదు.

ముందుగా చోడవరం దగ్గరి ఒక పల్లెటూరి రైతు కుటుంబానికి నమస్కారాలు. ఈ ఇంజిను వారిది. వారి తాతగారి కాలంలో ఇది చెరకు గానుగను తిప్పేది. ఆ రసం బెల్లమై అనకాపల్లి మార్కెట్టుకు వెళ్లేది. కరెంటు మోటారు వచ్చాక దీన్ని పాక పక్కన తాటాకుల కింద పెట్టేశారు. పాత ఇనుముకు వేయబోతున్నారని తెలిసి నేను వెళ్లి అడిగితే, ఇనుము ధరకే ఇచ్చి, మూడు వందల కిలోలకు పైబడిన ఆ బరువును అన్నదమ్ములు నలుగురూ మోకులు కట్టి వ్యానులోకి ఎక్కించారు. ఆ ఇంటి పెద్దావిడ దాని చక్రం మీద చెయ్యి వేసి, "ఇది తిరిగిన నాడు మాకోసారి సూపించండి బాబూ" అన్నారు. ఆ మాట ఈ నాలుగేళ్లలో నన్ను చాలాసార్లు నిలబెట్టింది.

ఈ రకం ఇంజిను గురించి తెలియని వారి కోసం కొంచెం చెబుతాను. ఇంగ్లాండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తయారుచేసిన సీఎస్ నమూనా దీనికి మూలం. సీఎస్ అంటే కోల్డ్ స్టార్టింగ్. అప్పట్లో వాడుకలో ఉన్న అనేక ఆయిలు ఇంజిన్లకు ముందు బ్లోలాంపుతో తల భాగాన్ని వేడిచేస్తే గాని అవి అందుకునేవి కావు. సీఎస్‌కు ఆ అవసరం లేదు. సిలిండరులో గాలి నొక్కుకోకుండా ఆపే డీకంప్రెషన్ లివరు ఎత్తిపెట్టి, హ్యాండిలుతో చక్రాన్ని వేగంగా తిప్పి లివరు వదిలితే, సిలిండరులో నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. నిమిషానికి 650 చుట్లు, 6 అశ్వశక్తి, అటూ ఇటూ రెండు భారీ చక్రాలు. అదే నమూనాను మన దేశంలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు దశాబ్దాలుగా పోతపోస్తున్నాయి. మాది అక్కడి నుంచి వచ్చినదే. సిలిండరు వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, పిస్టను నడక 139.7 మిల్లీమీటర్లు, అంటే నాలుగున్నర, అయిదున్నర అంగుళాలు, పాత ఇంగ్లీషు కొలతలే.

విప్పి చూస్తే ఇరుసు తిరిగే పెట్టె, అంటే క్రాంక్‌కేసు, మూలల్లో పోత అచ్చు ఇసుక ఇంకా అంటుకుని ఉంది. ఈ రకం ఇంజిన్లలో ఆయిలును చిమ్మి బేరింగులకు చేర్చే పద్ధతి ఉంటుంది కనుక, రాలిన ఇసుక ఆయిలుతో పాటే బేరింగుకు చేరుతుంది. గీకడం, కిరసనాయిలుతో కడగడం, మళ్లీ గీకడం మాత్రమే నేను ఒంటరిగా చేసిన పని. సిలిండరులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టరు పిచికారీ చేయకుండా బొట్లు బొట్లుగా కారుస్తుంటే, కంచరపాలెంలో పంపులు బాగుచేసే తండ్రీకొడుకులు నాజిలు మార్చి, పరీక్ష యంత్రం మీద పొగమంచులా విడిపోయే వరకు సరిచేసి ఇచ్చారు. పంపు టైమింగు, అంటే డీజిలు ఏ క్షణంలో చిమ్మాలో, పెట్టడంలో నా లెక్కలు కాస్త పనికివచ్చాయి. చక్రం చుట్టుకొలత 1,915 మిల్లీమీటర్లు. 360తో భాగిస్తే డిగ్రీకి 5.3 మిల్లీమీటర్లు, అందువల్ల పిస్టను పైకొసకు చేరే గుర్తుకు 106 మిల్లీమీటర్ల ముందు సుద్దముక్కతో గీత గీసి, 20 డిగ్రీల దగ్గర పంపు నుంచి పొంగే డీజిలు ధార ఆగి, చిమ్మడం మొదలయ్యేలా సర్దాము. మొదటి ప్రయత్నంలోనే ఇంజిను అందుకుంది.

అందుకున్న అయిదు నిమిషాలకు ఠక్, ఠక్ అని ఒక దెబ్బ మొదలైంది.

ఆ దెబ్బతోనే నాకు రెండేళ్లు గడిచాయి. పిస్టనును ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగు బేరింగే కారణమని నేను నిశ్చయించుకున్నాను, ఎందుకంటే ఇసుకను నా చేతులతో తీశాను, అది అరిగించే చోటు అదే. గాజువాక ఆటోనగర్‌లో లేతు నడిపే మేస్త్రీ గారు క్రాంకు, అంటే ఆ ఇరుసు, కొలిచి అంతా బాగానే ఉందని చెప్పినా పట్టుబట్టి బేరింగు మార్పించాను. దెబ్బ పోలేదు. ఆరు నెలల తరువాత మళ్లీ మార్పించాను. ఆయన రెండోసారి కూలి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. "మాస్టారూ, జబ్బు దొరకలేదు కదా, మందుకు డబ్బులేంటి?" అన్నారు.

ఆ రోజుల్లోనే ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజిన్లు బాగుచేసే ఒక పెద్దాయన, మా పక్కింటివారి బంధువు, మా షెడ్డుకు వచ్చారు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిను మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని అయిదారు చోట్ల విన్నారు. "బేరింగు సప్పుడు కాదండి మాస్టారూ. బేరింగైతే లోపల్నించి గుబగుబమంటాది. ఇది బయట ఇనుమ్మీద ఇనుము కొట్టుకుంటంది. సక్రం సూడండి" అని చెప్పి, టీ కూడా తాగకుండా వేటకు వెళ్లే బోటు పని ఉందంటూ వెళ్లిపోయారు. నేను చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఊపి చూశాను. కదలలేదు. ఆయన మాటను అక్కడితో వదిలేశాను. ఈ తప్పు నాది. దాన్ని ఇక్కడ రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

తరువాతి వేసవిలో మా అమ్మాయి, అల్లుడు జర్మనీలోని మ్యూనిక్‌కు రమ్మంటే నేనూ మా ఆవిడా వెళ్లాము. అక్కడికి 60 కిలోమీటర్ల దూరంలోని ఆగ్స్‌బర్గ్‌లోనే రుడోల్ఫ్ డీజిల్ తన ఇంజినుకు ప్రాణం పోశారు. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ దాన్ని పరీక్షించి, ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం పనిగా మారుతోందని తేల్చింది ఆ ఊళ్లోనే. నేను అక్కడ ఎక్కువసేపు గడిపింది మాత్రం ఒక పార్కులో. విట్టెల్స్‌బాఖర్ పార్కులో చెట్ల మధ్య జపాను నుంచి తెచ్చిన రాళ్లతో అమర్చిన డీజిల్ స్మారక వనం ఒకటి ఉంది. జపాను ఇంజిన్ల కంపెనీ యాన్మార్ స్థాపకుడు మాగోకిచి యమావోకా 1957లో దాన్ని ఆ నగరానికి బహూకరించారు. ఆయన సంస్థ 1933లో రైతులు వాడుకోగల చిన్న డీజిలు ఇంజినును తయారుచేసింది. 1913లో ఓడ ప్రయాణంలో అదృశ్యమైన ఒక మనిషికి, ఆయన్ను ఎన్నడూ చూడని మరో దేశపు మనిషి అంత దూరం నుంచి రాళ్లు మోయించి చెప్పిన కృతజ్ఞత అది. చోడవరం పెద్దావిడ చెయ్యి వేసిన చక్రం ఆ రాళ్ల ముందు నాకు గుర్తుకొచ్చింది. ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన నాకు అక్కడే కలిగింది.

 

అక్కడి నుంచి ఇంగ్లాండు వెళ్లాము. మాంచెస్టరులో మమ్మల్ని వారం రోజులు తమ ఇంట్లో ఉంచుకున్న అనకాపల్లి దంపతులకు మేము చుట్టాలం కాము. మా బావమరిది స్నేహితుడి చెల్లెలి కుటుంబం, అంతే. పొద్దున్నే పులిహోర కట్టి ఇచ్చి, సెలవు పెట్టుకుని మరీ ఆ అబ్బాయి తన కారులో నన్ను పాయింటన్‌లోని ఆన్సన్ ఇంజిన్ మ్యూజియానికి తీసుకువెళ్లాడు. పాత బొగ్గుగని స్థలంలో ఉన్న ఆ మ్యూజియాన్ని నడిపేది ప్రధానంగా స్వచ్ఛందంగా పనిచేసేవారే. నూనె మరకల ఓవరాల్స్ వేసుకున్న డెబ్బయ్యేళ్ల వారు పాత ఇంజిన్లను తిప్పి చూపిస్తుంటే, నేను ఒకాయన దగ్గర నిలబడి, ఫోనులో దాచుకున్న మా ఇంజిను చప్పుడు వినిపించాను. ఆయన మూడుసార్లు విన్నారు. నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. "బరువు పెట్టినప్పుడు దెబ్బ తగ్గుతుందా?" తగ్గుతుందన్నాను. "చక్రం నడిబొడ్డు దగ్గర ఎర్రటి పొడి రాలుతుందా?"

రాలుతుంది. రోజూ ఉదయం గుడ్డతో తుడిచేవాణ్ణి. సముద్రపు గాలికి విశాఖలో ఇనుము ఎక్కడైనా తుప్పు పడుతుంది కనుక దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అది గాలికి పట్టిన తుప్పు కాదని ఆయన ఓపికగా బొమ్మ గీసి చెప్పారు. చక్రాన్ని ఇరుసుకు బిగించే చీల, మన మెకానిక్కులు కీ అనేది, గాడిలో వదులై, ఇనుము ఇనుముతో రాసుకుని ఆ ఎర్ర పొడి పుడుతుంది. ఒంటి సిలిండరు ఇంజినులో రెండు చుట్లకు ఒకసారే పేలుడు ఉంటుంది కనుక ఇరుసు ఒకసారి చక్రాన్ని లాగుతుంది, మరోసారి చక్రమే ఇరుసును లాగుతుంది. ఆ లాగుడు దిశ మారిన ప్రతిసారీ వదులు చీల గాడి గోడకు ఠక్కున కొట్టుకుంటుంది. బరువు పెడితే చీల ఒకే వైపు ఆనుకుని ఉంటుంది కనుక చప్పుడు తగ్గుతుంది. బేరింగు దెబ్బ అయితే బరువుతో పెరగాలి. చేత్తో ఊపితే ఆ వదులు తెలియదు.

హార్బరు పెద్దాయన "సక్రం సూడండి" అన్న మాటకు అర్థం నాకు అక్కడ, అన్ని వేల మైళ్ల అవతల తెలిసింది.

ఇంటికి వచ్చి చీల బయటికి లాగితే ఒక పక్క మెరుస్తూ, మరో పక్క ఎర్రగా తుప్పుతో ఉంది. ఆటోనగర్ మేస్త్రీ గారు ఈసారి మా ఇంటికే వచ్చారు. కొత్త ఉక్కు ముక్కను ఏటవాలుగా చెక్కి, నీలం రంగు పూసి గాడిలోకి దిగగొట్టి, బయటికి తీసి, రంగు చెరిగిన చోటు మాత్రమే ఆకురాయితో రుద్ది, మళ్లీ రంగు పూసి, ఇలా రెండు రోజులు చేశారు. చీల పైనా కిందా ఆ చివర నుంచి ఈ చివర వరకు సమంగా ఆనితేనే పట్టు ఉంటుంది. ఒక కొస ఆని మరో కొస ఆనకపోతే నెలకే వదులవుతుంది. అరవయ్యేళ్ల మనిషి మా షెడ్డులో పీట మీద కూర్చుని, ఒక్కసారి కూడా తొందరపడకుండా చేసిన ఆ పనిని చూడటం నాకు దక్కిన గౌరవం. మేస్త్రీ గారూ, మీ మొదటి మాట కూడా నేను వినలేదు. క్రాంకు బాగుందని మీరు అన్నారు. బాగానే ఉంది.

ఇలాంటి పాత ఇంజిన్లు తెచ్చుకునే మిత్రులకు ఒక మనవి. అంత భారీ చక్రం వదులు చీల మీద తిరుగుతూ జారితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. తిప్పే ముందు రెండు చీలలూ చూడండి, చక్రానికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. రెండేళ్లు ఏ ప్రమాదమూ జరగకపోవడం మా అదృష్టమే.

ఆదివారాలు ఆ మోతను భరించిన మా వీధివారికి, షెడ్డు కోసం తన పూలమొక్కల చోటు వదులుకున్న మా ఆవిడకు ఎంత చెప్పినా తక్కువే. ఈ సంక్రాంతికి ఇంజినును వ్యానులో చోడవరం తీసుకువెళ్లి, ఆ కుటుంబం వారి గానుగకు బెల్టు తగిలించాలని అనుకున్నాము. పెద్దావిడకు కబురు పంపాము. చెరకు తాము సిద్ధం చేస్తామని చెప్పించారు.

ఆదివారం సాయంత్రమే ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. పెద్దాయన జెట్టీ దగ్గర ఒక బోటు ఇంజిను పంపు విప్పుతున్నారు. మీరు చెప్పింది నిజమైంది, మీ మాట వినకపోవడం నా తప్పు, క్షమించండి అని చెప్పి, పాత చీలను ఆయన చేతిలో పెట్టాను. వేలితో దాని మెరుపు పక్కను తడిమి చూసి, తన దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లను పిలిచి, దెబ్బ ఎక్కడ పడేదో వారికి చూపించారు. తరువాత, "ఇది నాకాడే ఉంచుతానండి మాస్టారూ, కొత్తోళ్లకి సూపించడానికి" అని అడిగి, తన పనిముట్ల పెట్టెలో వేసుకున్నారు.